లోపల వదిలిన గుడ్డ

ప్రతి జూన్‌లోనూ టేపు మెడలో వేసుకుని
అంకెలు గట్టిగా చదవడం నాకలవాటు.
నడుం ముప్పై, పొడుగు ముప్పై ఎనిమిది.
మూల కూర్చున్న కుర్రాడు రాసుకుంటాడు.
ఏడు రోడ్ల జంక్షన్ హారన్లకి
అరవకపోతే ఇక్కడ ఏదీ వినపడదు.

హేమసుందర్ వచ్చిన రోజూ అలాగే అరిచేను.
"నడుం నలభై రెండు!"
బల్ల మీద వాడి క్లాసువాళ్ళే నలుగురున్నారు.
ఒకడు ఈల వేసేడు.
వీడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.
టేపు అంగుళం వదులైంది.
ఆ అంగుళంలో ఉన్నంత సిగ్గు
ముప్పయ్యేళ్ళ కుట్టుపనిలో నేను కొలవలేదు.

మనిషి చెప్పనిది ప్యాంటు చెప్తుంది.
నెల తిరక్కుండా అదే పట్టుకొస్తాడు,
తొడల మధ్య అరిగి, జల్లెడై.
లోపలి నుంచి మాసిక వేస్తాను, పైకి కనపడకుండా.
జేబులో ఓసారి సాసు పొట్లం,
ఓసారి ఆటల పీరియడ్‌కి కడుపునొప్పి అని ఉత్తరం.
కింద తండ్రి సంతకం, వీడి దస్తూరీలోనే.

బూటు తాడు కట్టుకోడానికి వంగితే
ఊపిరాడదట.
అందుకని ముడి విప్పడు, కాలు దోపేస్తాడు.
నాగావళి నిండుగా ఉన్న ఆదివారాలు
అందరి చొక్కాలకీ గట్టు మీద వీడే కాపలా.
తన చొక్కా మాత్రం విప్పడు.
"ఈత రాదేటి?" అన్నాను.
"అందరికంటె ముందు నేనే నేర్చుకున్నాను" అన్నాడు.

వాళ్ళ నాన్న అప్పలసూరికి
డే అండ్ నైట్ జంక్షన్లో నూడుల్స్ బండి.
రాత్రి పదకొండున్నరకి పొయ్యి ఆర్పి
మిగిలింది పొట్లం కట్టి ఇంటికి తెస్తాడు.
పగలంతా కొడుక్కి బడి, ట్యూషను.
తండ్రికి నిద్ర, తరవాత కేబేజీ తరుగుడు.
ఇద్దరూ ఎదురెదురు కూర్చునేది
ఆ పొట్లం దగ్గరే.
"తిను నాన్నా, పారెయ్యలేం కదా" అంటాడాయన.
కొన్ని రాత్రులు వీడికి ఆకలుండదు.
ఆయన మొహం చూసి తింటాడు.
పెద్దాసుపత్రిలో ఇచ్చిన కాగితంలో
ఏం మానెయ్యాలో వరసగా ఉంది గాని
ఆ పావుగంట మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో లేదు.

మా రోజుల్లో చోడంబలి తాగేవాళ్ళమనీ
గట్లమ్మట పరిగెత్తేవాళ్ళమనీ చెప్పబోయి
నోరు మూసుకున్నాను.
పొద్దున్నించీ ఈ మిషను ముందే కదా నా కూర్చోడం.
సొరుగులో దారపు రీళ్ళ పక్కన షుగరు బిళ్ళలు,
బిళ్ళల పక్కన
నిన్నటి పునుగుల నూనె కాగితం.

ఆ తరవాత అంకెలు అరవడం మానేసేను.
కొలిచి నేనే రాసుకుంటాను.
"ఎంత మాస్టారూ?" అంటాడు మూల కుర్రాడు.
"నీకెందుకురా" అంటాను.
హేమసుందర్ ప్యాంటుకి
లోపల రెండంగుళాల గుడ్డ వదిలేను.
"ఇంకా లావైతే విప్పుకోడానికా?"
నేల కేసి చూస్తూ అడిగేడు.
"విప్పడానికీ, మడవడానికీ" అన్నాను.
నిజానికి ఆ రెండో మాట అప్పుడే తోచింది.

దసరా ముందు తండ్రిని వెంటబెట్టుకొచ్చేడు.
ఆయనకో చొక్కా కావాలట.
ఆ రోజు బండి తియ్యలేదట.
"వంతెన దాకా నడిచి వస్తున్నాం"
అడక్కుండానే చెప్పేడు కొడుకు, కొంచెం ఆయాసంగా.
చేతిలో మొక్కజొన్న కండె, సగం కొరికింది.
రెండో సగం తండ్రి చేతిలో.

ఆయన పొట్ట చుట్టూ టేపు తిప్పేను.
రెండో కొస అందుకోడానికి
కౌగిలించుకున్నంత పనయింది.
"ఎంతుందేటి?" అన్నాడాయన, గట్టిగా.
నేను పెన్సిలు వెతుక్కుంటున్నాను.
"మాస్టారు చెప్పరు నాన్నా," అన్నాడు హేమసుందర్,
"ఇక్కడ అరవరు."

బయట పాలకొండ బస్సు
హారను కొట్టుకుంటూ పోయింది.